తెస్పయ్య ఇచ్చిన రాయి

పోయినవేమిటో ముందు చెబుతాను. లెక్క చెప్పకుండా మాట మొదలుపెట్టడం నాకు చేతకాదు.

రాతిపొడి 12.15 క్యారెట్లు. క్యారెట్ల లెక్క తెలియనివారికి, అది రెండున్నర గ్రాములకు కాస్త తక్కువ. వాటర్ పేపర్లు పద్నాలుగు. చిన్న కాంటాలో వేసే బ్యాటరీలు రెండు. వాటిలో ఏ లోపమూ లేదు, అయినా తీసి పారేశాను. స్టీలు గ్లాసు ఒకటి. అది ఇంట్లోనే ఉంది కాని దానితో మంచినీళ్ళు తాగేవారు లేరు. నా కుడిచేతి మూడు వేళ్ళ ముద్రలు. రాయి రుద్ది రుద్ది అవి ఎంతగా అరిగాయంటే, రేషన్ షాపులోని మిషన్ మూడు నెలల పాటు నేను నేను కాదని తేల్చి చెప్పింది. ఒక స్నేహం.

వీటిలో చివరిది తప్ప అన్నీ నావే. ఆ స్నేహం మాత్రం వేరే ఇద్దరిది. దాన్ని నేను పోగొట్టాను. నాలుగేళ్ళ రెండు నెలలుగా ఈ మాట లోపల పెట్టుకుని తిరుగుతున్నాను. దీని బరువెంత అని నన్ను నేనే చాలాసార్లు అడిగాను. బరువులు చెప్పడమే నా పని. దీనికి మాత్రం చెప్పలేకపోయాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

కోరుట్ల నుంచి జగిత్యాల వెళ్ళే రోడ్డు మీద, లారీలు తూచే కాంటా దగ్గర నా ఉద్యోగం. ఇరవై రెండేళ్ళుగా అదే గది, అదే కిటికీ. లోడు బండి తూచు, ఖాళీ బండి తూచు, తేడా రాసి చీటీ ఇవ్వు. చదివింది పదో తరగతి. శాతాలు, తరుగులు, తేమ కోతలు, అన్నీ సొంతంగా నేర్చుకున్నవే. గొల్లపల్లి రైతైనా, బీర్పూర్ రైతైనా నా చీటీని రెండోసారి చూడడు. మడిచి జేబులో పెట్టుకుంటాడు, అంతే.

ఇలాంటివాడికి ఓపల్ పిచ్చి ఎలా పట్టింది? జబ్బార్ భాయ్ వల్ల. ఆయన కోరుట్ల బస్టాండు దగ్గర అద్దాల పెట్టె ముందు కూర్చుని ఉంగరాల రాళ్ళు అమ్ముతాడు, వెండిలో బిగించి ఇస్తాడు. ఒకరోజు బస్సు ఆలస్యమైతే ఆ పెట్టెలోకి చూస్తూ నిలబడ్డాను. తెల్లటి రాయి ఒకటి, పేరు ఓపల్ అట. లోపల రంగులు. సరే, ఎన్ని రంగులున్నాయో లెక్కపెడదామనుకున్నాను. ఎనిమిది దాకా వచ్చాను. జబ్బార్ భాయ్ రాయిని కాస్త కదిలించాడు. మళ్ళీ ఒకటి నుంచి మొదలు. అలా నాలుగుసార్లు. నా జీవితంలో లెక్కకు దొరకని వస్తువు అదే మొదటిది. బస్సు వచ్చి వెళ్ళిపోయింది.

తర్వాత ఆయన దగ్గరే చెక్కని ముడిరాళ్ళు తీసుకుని ఇంట్లో చేత్తో సానబట్టడం మొదలుపెట్టాను. యంత్రం లేదు. అద్దం ముక్క మీద వాటర్ పేపరు, అంటే తడిపి రుద్దే గరుకు కాగితం, అంటించి, నీళ్ళు చల్లి, రాయిని గుండ్రంగా రుద్దుతూ పోవాలి. ముందు గరుకు పేపరు, తర్వాత నున్నటిది, తర్వాత ఇంకా నున్నటిది. చివర పాత జీన్స్ గుడ్డ మీద, కార్ల అద్దాల గీతలు పోగొట్టే పొడి వేసి మెరుగు పెట్టాలి. రాయి చిన్నది, చేతికి పట్టు దొరకదు. అందుకని లక్క కరిగించి దాన్నొక పుల్లకు అంటిస్తారు. నాకు ఆ పుల్లలు సిరిసిల్ల నుంచి వచ్చేవి. మగ్గాల్లో నూలు చుట్టే చెక్క కండెలు, విరిగినవి. అవి తెచ్చిచ్చేవాడే రాజమల్లు.

నేను అన్యాయం చేసింది రాజమల్లుకే.

రాజమల్లు సిరిసిల్లలో మరమగ్గాల గుడ్డ మూటలు మోసే డీసీఎం వ్యాను నడుపుతాడు. నాకంటే ఆరేళ్ళు చిన్న. అంతకుముందు ఏడేళ్ళు గల్ఫ్‌లో ఉన్నాడు. అక్కడ గదిలో కింది మంచం వీడిది, పై మంచం ఇథియోపియా నుంచి వచ్చిన ఒకతనిది. అతని అసలు పేరు తెస్ఫాయె. రాజమల్లు నోట్లో పడి తెస్పయ్య అయ్యాడు. రాజమల్లుకు కామెర్లు వస్తే నలభై రోజులు వాడి వంతు పని కూడా తెస్పయ్యే చేశాడు, వాడికి వండి పెట్టాడు. రాజమల్లు తిరిగి వచ్చేటప్పుడు తెస్పయ్య ఒక మేజోడులో చుట్టి ఒక రాయి ఇచ్చాడు. మా ఊరి మట్టిలో దొరికింది, సాన పట్టించి తొడుక్కో, తొడుక్కున్నాక నాకు చూపించు అన్నాడు. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ఇద్దరికీ వీడియో కాల్. సగం హిందీ, సగం అరబ్బీ, మిగతాది నవ్వు. ప్రతి కాల్‌లోనూ తెస్పయ్య అడిగే ప్రశ్న ఒకటే. రాయి ఏమైంది?

రాయి మూడేళ్ళు బీరువాలో ఉంది. ఎవరికిచ్చినా మారుస్తారేమోనని రాజమల్లు భయం. చివరకు, మార్చనివాడు ఒకడున్నాడని నమ్మి నా దగ్గరకు తెచ్చాడు.

తూచాను. 22.40 క్యారెట్లు. పైన తేనె రంగు పొట్టు, ఒక మూల విరిగినచోట లోపల ఎరుపూ పచ్చా నిప్పురవ్వల్లా కదులుతున్నాయి. అలాంటి రాయి అంతకుముందు నా చేతికి రాలేదు. భయపడ్డాను. భయపడ్డానంటే, మామూలు కంటే జాగ్రత్తగా ఉన్నాను. అదే కొంప ముంచింది.

ప్రతి పేపరు తర్వాత గుడ్డతో తుడిచి తూచి నోటుబుక్కులో రాసుకున్నాను. తరుగుతూ వచ్చింది. 17.80. 13.95. 11.10. ఆ తర్వాత లారీల కాంటా దగ్గర పని ఎక్కువైంది. అకాల వర్షాలకు వడ్లు తడిసి, బండ్లు బారులు తీరాయి. రాయి మీద కూర్చునే తీరిక లేదు. అంతవరకు దాన్నెలా ఉంచాలి? జబ్బార్ భాయ్ ఒకసారి అన్న మాట గుర్తొచ్చింది. ఓపల్ ఎండితే పగులుతుంది, నీళ్ళలో పెట్టు. స్టీలు గ్లాసులో నిండా నీళ్ళు పోసి, అందులో రాయి వేసి, పైన మూత పెట్టాను. రెండు రోజులు.

మూడో రోజు పొద్దున తీశాను. ఒక గంట రుద్ది, తుడిచి, తూచాను. 11.65.

మీరు మళ్ళీ చదవండి. 11.10 ఉన్న రాయిని గంటసేపు అరగదీస్తే 11.65 అయింది.

ఇంకొకరైతే ఆగి ఆలోచించేవారేమో. నేను బ్యాటరీలు మార్చాను. మళ్ళీ 11.65. రూపాయి బిళ్ళ వేసి సరిచూశాను. రూపాయి బరువు రూపాయికుంది. కాంటాలో తప్పు లేదు. అంటే వాటర్ పేపరులోని రజను రాయిలోకి దిగిందని తీర్మానించాను. ఇరవై రెండేళ్ళలో కాంటా చెప్పిన మాట నేను నమ్మని రోజు అదే మొదటిది. అదే రోజు మధ్యాహ్నం ఒక రైతుతో నేనేం చెప్పానో తెలుసా? వడ్లు నీళ్ళు తాగినయ్, తూకం ఎక్కువ చూపిస్తది, పోయి ఆరబోసి తీసుకరా అన్నాను. నోటితో ఈ మాట చెప్పి, చీటీ వెనక్కి తీసుకుని, జేబులో ఉన్న రాయి బరువెందుకు పెరిగిందా అని సాయంత్రం దాకా తల పట్టుకున్నాను. ఒకే తలలో ఈ రెండు విషయాలు ఒకదాన్ని ఒకటి పలకరించకుండా ఎలా ఉన్నాయి? ఇప్పటికీ నాకు అర్థం కాదు.

ఆ సాయంత్రం మెరుగు పెట్టడం పూర్తయింది. నీళ్ళతో కడిగి వెలుతురుకు పట్టి చూశాను. రంగులు లేవు. ఎరుపు లేదు, పచ్చ లేదు. తేనె రంగు కూడా లేదు. వానచుక్కలా ఉంది. దాని వెనక నా బొటనవేలు కనబడుతోంది. లక్క వేడికి రాయి చచ్చిపోయిందనుకున్నాను. చల్లబడితే వస్తుందేమోనని చూశాను. రాలేదు. అజీర్తి మాత్రల డబ్బాలో వేసి మూత బిగించి, తెల్లారి తీసి చూశాను. వానచుక్క. మళ్ళీ బిగించాను. రాజమల్లు గురువారం వస్తానన్నాడు. శుక్రవారం తెస్పయ్యకు చూపాలి.

రాయి పాడైంది తమ్మీ, క్షమించు. ఈ మాటలు ఎన్ని? నాలుగు. లెక్కపెట్టాను కూడా. కాని రాలేదు. ఎందుకు రాలేదు? వాడికి బాధ కలుగుతుందనా? అలా అని చాలాకాలం చెప్పుకున్నాను. అది నిజం కాదు. ఎవరి చీటీని ఎవరూ రెండోసారి చూడరో వాడికి, ఒక్కసారి అందరూ రెండోసారి చూసే స్థితి వస్తుందని భయం. అంతే. నా పేరు కాపాడుకోవడానికి, నాకు పేరు తెచ్చిన పనినే తలకిందులు చేశాను.

నా దగ్గర నేను చెక్కిన తెల్ల ఓపల్ ఒకటి ఉంది. జబ్బార్ భాయ్ దగ్గర కొన్న ముడిరాయి నుంచి తీసింది, నాకున్నవాటిలో అందమైనది. 7.80. దాన్ని దూదిలో పెట్టి రాజమల్లు చేతికిచ్చాను.

వాడు చాలాసేపు చూశాడు.

"అన్నా, మస్తు తెల్లగున్నది గదా. అప్పుడు తేనె రంగుండె."

"పొట్టు తీసిన తమ్మీ. వడ్లు దంచితే బియ్యం తెల్లగ రావా?"

"గట్లనా!" వాడు నవ్వాడు. "మరి గింత చిన్నగయిందేందే?"

"ఇరవై రెండు పాయింట్ నలభైల ఏడు పాయింట్ ఎనభై మిగిలింది. నూటికి అరవై అయిదు తరుగు. ఓపల్‌కు మామూలే."

"నాకు లెక్కలెందుకన్నా. నువ్వు చెప్పినవంటే కాంట చెప్పినట్టే."

అరవై అయిదు శాతం. ఆ భాగహారం నేను ముందే చేసి పెట్టుకున్నాను. లెక్క తప్పు కాదు, కావాలంటే చూసుకోండి. అబద్ధానికి కూడా శాతం సరిగ్గా ఉండాలని పట్టింపు నాకు.

వాడికి ఆగే ఓపిక లేదు, ఉంగరం ఇప్పుడే కావాలన్నాడు. ఇద్దరం జబ్బార్ భాయ్ దగ్గరకు వెళ్ళాం. నాకు అప్పటిదాకా తట్టని సంగతి అక్కడ తట్టింది. ఆ రాయి అమ్మింది ఆయనే. జబ్బార్ భాయ్ రాయిని చూశాడు. నన్ను చూశాడు. మళ్ళీ రాయిని చూశాడు. నేను పక్కనున్న పండ్ల బండి మీద సంత్రాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ముప్పై ఒకటి. ఆయన రాయిని వెండిలో బిగించి ఇచ్చాడు.

ఆదివారం, నష్టం ఎంతో కచ్చితంగా రాసిపెట్టుకుందామని మాత్రల డబ్బా తెరిచాను. చూడకుండానే కాంటాలో వేశాను. 10.25. మళ్ళీ బ్యాటరీల మీద అనుమానం వచ్చింది. అప్పుడు రాయి వైపు చూశాను.

తేనె రంగు. లోపల ఎరుపు, పచ్చ, నారింజ, నీలం, పేర్లు లేనివి. పాడవలేదు. ఎన్నడూ పాడవలేదు. ఎంత అందంగా ఉందంటే, నేను వెంటనే మూత పెట్టేశాను.

మరునాడు దాన్ని జబ్బార్ భాయ్‌కి చూపించి జరిగింది చెప్పాను. ఆయన ముందు నవ్వాడు. తర్వాత ఎక్కువ నవ్వాడు. తర్వాత కళ్ళు తుడుచుకుని అన్నాడు.

"అరే భాయ్, గిది ఇథియోపియా రాయి. నీళ్ళు తాగుతది. తాగితే రంగు పోతది, ఆరితే మళ్ళ అస్తది. నేను నీళ్ళల్ల పెట్టుమన్నది నా దుకాణం రాళ్ళకు. రోజంతా తడి వడ్లు తూస్తవ్, నీకు గింత సమజ్ కాలేదా?"

"ఇప్పుడేం జేయాలె భాయ్?"

"ఏముంది? రాయి తాగిన నీళ్ళు కక్కింది. నువ్వు గూడ కక్కు."

నిజంగానే వెళ్ళాను. మరుసటి వారం సెలవు పెట్టి, డబ్బా జేబులో వేసుకుని, సిరిసిల్ల బస్సెక్కాను. రాజమల్లు ఒక మగ్గాల షెడ్డులో మూటలు ఎక్కిస్తున్నాడు. ఇరవై నాలుగు మగ్గాలు నడుస్తున్నాయి. నేను ఆగితే మళ్ళీ చెప్పలేనని తెలుసు. అక్కడే, ఆ చప్పుడులోనే, మొత్తం చెప్పేశాను. రాయి మార్చానని, అసలుది నా జేబులో ఉందని. వాడు వినబడలేదన్నట్టు చెవి దగ్గర చేయి పెట్టి, తల అడ్డంగా ఊపి, బయటకు పోయి చాయ్ తాగుదామని సైగ చేశాడు.

బయట నిశ్శబ్దం. అక్కడ మళ్ళీ చెప్పవచ్చు కదా? చెప్పేవాడినే. చాయ్ చేతికివ్వగానే వాడే మొదలుపెట్టాడు.

"తెస్పయ్య మొన్న శుక్రవారం ఫోన్ చేయలేదన్నా. నేను చేస్తే ఎత్తలే. అంతకు ముందటి వారం ఉంగరం చూపిచ్చిన. దగ్గరికి పెట్టుమన్నడు, పెట్టిన. చాన సేపు చూసిండు. గుడ్ అన్నడు. గంతే. నవ్వలే గూడ."

తన ఊరి మట్టిలో పుట్టిన రాయి ఎలా ఉంటుందో తెస్పయ్యకు తెలియదా? తాను నలభై రోజులు పని మోసి కాపాడిన స్నేహితుడు తన రాయిని అమ్ముకుని, ఇంకేదో తొడుక్కుని చూపిస్తున్నాడని అతను అనుకుని ఉంటాడు. నేను చాయ్ గ్లాసు పట్టుకుని కూర్చున్నాను. ఇప్పుడు చెబితే రాయి మార్చిన సంగతి ఒక్కటే కాదు, తెస్పయ్య సంగతి కూడా చెప్పినట్టే. తప్పు రెండింతలైంది. చాయ్ తాగి బస్సెక్కాను. ఆ తర్వాత నెలరోజులు ఒక ఊరట కూడా పొందాను, సిగ్గుతో చెబుతున్నాను: నేను చెప్పాను కదా, వినకపోతే నేనేం చేసేది?

ఫోను మళ్ళీ రాలేదు. రాజమల్లు మొదట నెట్ బాగాలేదన్నాడు. తర్వాత అక్కడ గొడవలున్నాయట అన్నాడు. తర్వాత ఒకసారి, జగిత్యాల మార్కెట్ దగ్గర డీసీఎంలో పక్కపక్కన కూర్చున్నప్పుడు, స్టీరింగ్ మీద ఉంగరం వైపు చూస్తూ, "నేనేమన్న తప్పు మాట్లాడిన్నా అని యాది చేసుకుంటున్న అన్నా, ఏం దొరుకుత లేదు" అన్నాడు. నా జేబులో డబ్బా ఉంది. ఎప్పుడూ ఉంటుంది. అందులో మాత్రలున్నాయనుకుని వాడు ఆ రోజు నన్ను ఒకటి అడిగాడు కూడా, కడుపులో మంటగా ఉందని. అయిపోయాయన్నాను.

వాడు ఉంగరం తీయడు. మూటలకు రాసుకుని గీతలు పడతాయి. ఏడాదికోసారి తెచ్చి మెరుగు పెట్టమంటాడు. నేను మెరుగు పెట్టి ఇస్తాను. ఇప్పటికి నాలుగుసార్లు. "నీ చెయ్యి పడితే కొత్తగైతదన్నా" అంటాడు. అబద్ధానికి ఏటేటా సాన పట్టేవాడిని మీరెక్కడైనా చూశారా?

పోయిన ఏడాది ఒక ఉపాయం తోచింది. ముడిరాళ్ళు కొనాలని అబద్ధం చెప్పి రాజమల్లు దగ్గర తెస్పయ్య నంబరు తీసుకున్నాను. అసలు రాయిని ఎండలో ఫోటో తీశాను. హిందీలో ఒక వాక్యం, ఇంగ్లిషులో ఒక వాక్యం రాశాను. తప్పు నాది, రాజమల్లుది కాదు. వాట్సాప్‌లో పంపాను. ఒక్క టిక్కు. వారం తర్వాత కూడా ఒక్క టిక్కే, అంటే అతనికి చేరలేదు. ఈ రోజుకీ ఒక్క టిక్కే.

అంటే నంబరు మారిందా? ఎప్పుడు మారింది? ఒకవేళ ఆ వారమే మారి ఉంటే, ఫోను పోవడం వల్లే కాల్స్ ఆగి ఉంటే, తెస్పయ్యకు ఏ కోపమూ లేకపోతే? నేను ఈ ఆశను ఎంత ఇష్టంగా పట్టుకున్నానో చెప్పలేను. సగం అటు, సగం ఇటు అని లెక్క కట్టాను. తర్వాత, ఆ "గుడ్" అనే మాట దగ్గర ఆగిపోయాను. నవ్వలేదన్నాడు కదా. అదీకాక, తెస్పయ్య ఏమనుకున్నా, అనుకోకపోయినా, రాజమల్లు చేతికి ఉన్నది వాడి రాయి కాదు. ఆ లెక్కలో సగాలు లేవు.

అసలు రాయి డబ్బాలోనే ఉంది. అప్పుడప్పుడు తీసి తూస్తాను. వానాకాలంలో ఒకటి రెండు పాయింట్లు పెరుగుతుంది, గాలిలో తేమకు. ఎండాకాలం తగ్గుతుంది. ఇప్పుడు దాని మాట నమ్ముతున్నాను.

ఇంత రాశాక కొంచెం తేలిగ్గా ఉంది. కొంచెమే. మీరు విన్నారు, కాని మీరు రాజమల్లు కాదు. వాడికి చెప్పాల్సింది చెప్పలేదు, చెబుతానని మీకు మాట కూడా ఇవ్వను. ఇన్నేళ్ళలో నాకు నేనే ఇచ్చుకున్న మాటలు చాలానే ఉన్నాయి. ఒక్కటి మాత్రం మానలేదు. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం, లారీలు తక్కువగా ఉన్న వేళ, చీటీల పుస్తకం వెనక అట్ట మీద ఒక గీత గీస్తాను. వాళ్ళిద్దరూ మాట్లాడుకోని శుక్రవారం ఒక్కోదానికి ఒక్కో గీత. అవన్నీ నేను రాజమల్లుకు బాకీ.

నిన్న శుక్రవారం. నిన్నటితో రెండు వందల పదిహేడు.